కషాయం అందించిన చెయ్యి

కిందటి వారం సాహితిని తెనాలిలో డాక్టర్ స్వర్ణలత గారి గదిలో, కుర్చీ అంచున కూర్చోబెట్టి వదిలేశాం. నిండు నెలల మనిషిని వారం పాటు అలా కూర్చోబెట్టడం మన తప్పే. అప్పుడు చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ఆమెను లేపుదాం.

సాహితికిది రెండో కాన్పు. మొదటిదానికి పుట్టిల్లు రేపల్లె వెళ్లింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్న పిల్లకి నొప్పులు మొదలవడం, హడావిడిగా కారెక్కించి తెనాలికి బయల్దేరడం, భట్టిప్రోలు దాటి వేమూరు చేరేలోపు వెనక సీట్లోనే బిడ్డ పుట్టేయడం, అంతా ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా జరిగిపోయింది. ఆ బిడ్డ హాసిని ఇప్పుడు బాపట్లలో తాతగారి దగ్గర ఉండి, బడికి వెళ్తూ, టీచర్లకే పాఠాలు చెబుతోంది. తల్లి మాత్రం ఆ వెనక సీటు మీంచి ఇంకా దిగలేదు. ఈసారీ అలాగే అవుతుందేమోనన్న భయం కడుపులో బిడ్డతో పాటే పెరిగింది. అందుకే పట్టుబట్టి, ఆసుపత్రి పక్క వీధిలోనే మేడ మీద వాటా ఒకటి అద్దెకు తీయించింది. తోడుగా అత్తగారు శేషారత్నం బాపట్ల నుంచి వచ్చి ఉంటోంది. భర్త గౌతమ్ మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్. పగలంతా చీరాల, ఈపురుపాలెం, బాపట్ల డాక్టర్ల చుట్టూ తిరిగి, సాయంత్రానికి కారేసుకుని తెనాలి చేరతాడు.

డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, కళ్లజోడు తీసి, "మొదటి కాన్పు అంత తొందరగా అవడం అరుదమ్మా. నొప్పులకి ముందు ఇంట్లో ఏమైనా ఇచ్చారా?" అని అడిగింది. సాహితి నోరు తెరవబోయింది. ఈలోపే పక్కన కూర్చున్న శేషారత్నం, "ఏమీ ఇవ్వలేదండి" అనేసింది.

అడిగింది కోడల్ని, చెప్పింది అత్తగారు. పోనీ నిజం చెప్పిందా అంటే అదీ లేదు.

ఇచ్చారు. సాహితికి బాగా గుర్తు. ఆ పొద్దున నడుములో కాస్త పీకుతోందంటే జీలకర్ర కషాయం కాచారు. నెలలు నిండిన ఆడపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా కాచేదే. ఉత్త నొప్పులైతే ఆ కషాయానికి సర్దుకుంటాయని, అసలువైతే ఎక్కువవుతాయని పెద్దవాళ్ల లెక్క. స్టీలు గ్లాసు నిండా ఇచ్చారు. అడుగున తెల్లగా గసి దిగింది. జీలకర్రకి ఉండాల్సిన చేదు కంటే ఎక్కువ చేదుంది. ఆ గ్లాసు పట్టుకొచ్చి మంచం పక్కన నిలబడి, "ఒక్క గుక్కలో తాగెయ్యమ్మా" అన్న మనిషి, ఆ పొద్దున్నే కోడల్ని చూడ్డానికొచ్చిన శేషారత్నం. మణికట్టు మీద ఎప్పుడో నూనె చింది కాలిన మచ్చ ఉన్న ఆ చెయ్యి సాహితికి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇన్నాళ్లూ ఆ చేతిని ప్రేమగానే తలుచుకుంది. డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చాక మాత్రం అదే చెయ్యి ఆటోలో తన మోకాలి మీద ఉంటే, మెల్లగా కాలు పక్కకి జరుపుకుంది.

మర్నాడు అత్తగారు స్నానానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేసింది. కషాయం సంగతి గొంతు తగ్గించి చెప్పింది.

"జీలకర్రకి అంత బలం లేదమ్మా" అంది డాక్టరమ్మ. "అందులో ఇంకేదైనా కలిస్తే తప్ప. కలిసిందో లేదో తెలుసుకో. కలవకపోతే నీ ఒంటి తీరే అంత అనుకుని నిన్ను ముందే చేర్చేసుకుంటాను. కలిస్తే, అది ఏ మందో నాకు తెలియాలి. ఈసారి నీకు ఏం వాడాలో, ఏం వాడకూడదో దాన్ని బట్టే ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక సాహితి చాలాసేపు బాల్కనీలోనే నిలబడిపోయింది. బాత్రూంలో చెంబు చప్పుడు ఆగేదాకా కదల్లేదు.

ఇక ఆ రోజు నుంచి అత్తగారి చేతిది తినడం తగ్గించింది. తగ్గించినట్టు తెలియకుండా తగ్గించడానికి ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పాలు కలిపి ఇస్తే "వేడిగా ఉన్నాయత్తయ్యా" అని పక్కన పెట్టి, ఆవిడ అవతలికి వెళ్లగానే సింకులో ఒంపేసేది. పప్పు వడ్డిస్తే అత్తగారు రెండు ముద్దలు తిన్నాకే తను కలుపుకునేది. అన్నిటికంటే అరటిపండు మీద నమ్మకం ఎక్కువ, దానికి తొక్క ఉంటుంది కాబట్టి. రోజంతా అరటిపళ్లు తిని తిని, చివరికి వాటి వాసనకే కడుపులో తిప్పడం మొదలైంది.

శేషారత్నం ఇదంతా చూడలేదనుకుంటే పొరపాటే. చూసింది. చూసి ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి పాలగిన్నె, పంచదార డబ్బా, గ్లాసు బల్ల మీద కోడలికి అందేట్టు పెట్టి, తను బాల్కనీలోకి పోయి కూర్చునేది. ఆ మంచితనంతో సాహితికి అనుమానం ఇంకాస్త ముదిరింది. ఏ తప్పూ చెయ్యని మనిషైతే "ఏంటమ్మా, నేను కలిపితే తాగవా?" అని అడగదూ? అడగలేదంటే అడగడానికి మొహం చెల్లకే కదా అని తనలో తనే వాదించుకుని, తనే తీర్పు చెప్పేసుకుంది.

సాయంత్రం గౌతమ్ వచ్చాకే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. అతను రాగానే కారుని వీధివైపు ముఖం పెట్టి ఆపుతాడు. కింది వాటాలో ఉండే ఇంటివాడు సుందరయ్య గారు స్కూటరు గేటుకి అడ్డంగా పెడితే, ఆయన టీవీ చూస్తున్నా సరే లేపి తీయిస్తాడు. తర్వాత ఇద్దరూ కలిసి రిహార్సల్ వేస్తారు. నొప్పి అనగానే సాహితి ఎడం పక్కకి తిరిగి పడుకోవాలి. ముక్కకుండా నోటితో గాలి వదలాలి. గౌతమ్ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలి, శేషారత్నం సంచి అందుకోవాలి. మొదటిరోజు సుందరయ్య గారు నిజమే అనుకుని పంచె ఎగ్గట్టి పైకి పరిగెత్తుకొచ్చాడు. ఇప్పుడు కింద నుంచే "అయిందా మీ నాటకం?" అని అడిగి ఊరుకుంటున్నాడు. ఎవరు నవ్వినా, ఆ నాటకం ఆడిన రోజే సాహితికి నిద్రపట్టేది. భయాన్ని ఊరికే కూర్చోబెడితే బుర్ర తింటుంది, దానికేదో ఒక పని అప్పజెప్పు అని డాక్టరమ్మే చెప్పింది. ఆ పని ఇంత శ్రద్ధగా తనతో పాటు చేసే భర్త ఎంతమందికి దొరుకుతాడు అనుకుని మురిసిపోయేది. ఈ ఇంట్లో కళ్లు మూసుకుని నమ్మగలిగిన మనిషి ఆమెకి అతనొక్కడే.

అయినా అత్తగారి మీద అనుమానం అతనితో చెప్పలేదు. తల్లి గురించి కొడుకుతో ఏమని చెబుతుంది? దీనికి తన అమ్మే రావాలి. అమ్మ పక్కనుండగా అత్తగారిని నిలదియ్యాలి. అమ్మ అయితే తన పక్షాన గట్టిగా మాట్లాడుతుంది.

ఆ ధైర్యంతోనే రేపల్లెకి ఫోన్ చేసి రమ్మంది.

తల్లి శకుంతల మధ్యాహ్నం రైలుకి దిగింది. ఆవిడ ఎక్కడికి వెళ్లినా ఊరు ఖాళీ చేసి వచ్చినట్టే వస్తుంది. మూడు సంచులు, ఒక బుట్ట. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూనే కూతురి బుగ్గలు పుణికి, "చిక్కిపోయావేంటే, ఏమీ తినట్లేదా?" అంది. సాహితికి ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ డబ్బా మూత తీసి సున్నుండ నోటికందిస్తే, ఎన్నో రోజుల తర్వాత దేని గురించీ ఆలోచించకుండా తినేసింది. రెండోదీ తింది. శేషారత్నం వంటింటి గుమ్మంలో నిలబడి అది చూసి, మళ్లీ లోపలికి వెళ్లి చిక్కుడుకాయలు గిల్లుకుంటూ కూర్చుంది.

"డాక్టరమ్మ ఎప్పుడు చేరమంది?" అని అడిగింది శకుంతల, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ.

"నొప్పులు రాకపోతే వచ్చే వారం అంది."

"అంతదాకా ఎందుకే? అసలే నీ కాన్పు సంగతి తెలిసిందే కదా. రేపే చేరిపో. శుక్రవారానికల్లా అయిపోయిందనుకో, హాయి. శనివారం దాకా సాగదియ్యడం ఎందుకు?"

సాహితి చెవికి ఆ మాట అప్పుడు పట్టలేదు. ఆమె మనసంతా వంటింట్లో ఉంది. "అత్తయ్యా, ఒకసారి ఇలా వస్తారా?" అని పిలిచింది. గొంతు తను అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది.

శేషారత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"మొన్న డాక్టరుగారు అడిగితే ఏమీ ఇవ్వలేదని ఎందుకు చెప్పారండి?"

"ఏ సంగతమ్మా?"

"నా మొదటి కాన్పు రోజు కషాయం ఇచ్చారుగా. మీరే తెచ్చిచ్చారు. అందులో ఇంకేదో కలిసి ఉంటే తప్ప అంత తొందరగా అవదని డాక్టరుగారు అన్నారు. అమ్మ ముందే అడుగుతున్నానండి. ఏం కలిపారు అందులో?"

అత్తగారు బుకాయిస్తుందని, లేదా ఏడుస్తుందని సాహితి అనుకుంది. ఆ రెంటికీ జవాబులు సిద్ధం చేసుకునే ఉంది. శేషారత్నం ఆ రెండూ చెయ్యలేదు. తల తిప్పి శకుంతల వైపు చూసింది. అంతే.

"ఇప్పుడవన్నీ ఎందుకే?" అంది శకుంతల. "కడుపుతో ఉన్నప్పుడు పాత సంగతులు తవ్వుకోకూడదు. కాళ్లు పైకి పెట్టుకుని కాసేపు పడుకో. వదినగారూ, కాస్త కాఫీ పెడతారా?"

అత్తగారిని అడిగితే అమ్మ చెప్పింది. మొన్న డాక్టరమ్మ గదిలో తనని అడిగితే అత్తగారు చెప్పినంత తొందరగానూ చెప్పింది. సాహితి అమ్మ ముఖంలోకి చూసింది. శకుంతల సంచిలోంచి తీసిన తువ్వాలు మడత విప్పి, మళ్లీ అదే మడత పెడుతోంది.

"అమ్మా," అంది సాహితి నెమ్మదిగా, "శనివారం ఏంటి?"

"శనివారం శనివారమే. ఏంటంటే ఏం చెప్పను?"

"శుక్రవారానికల్లా అయిపోతే హాయి అన్నావు. శనివారం ఏం ఉంది?"

శేషారత్నమే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎన్నాళ్లో మోసిన బరువు దించే మనిషిలా మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంది.

"వదినగారూ, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"మీరు నాకు మాటిచ్చారు" అంది శకుంతల.

"ఇచ్చాను. ఇన్నాళ్లూ నిలబెట్టాను కూడా. మొన్న డాక్టరమ్మ దగ్గర కూడా మీ కోసమే అబద్ధమాడాను. ఇంటికొచ్చాక చూస్తే కోడలు నా చేతి మంచినీళ్లు కూడా తాగట్లేదు. అదైనా పడతాను. కానీ శనివారం అని మీరు మళ్లీ మొదలెట్టాక ఇంక నేను ఊరుకోలేను." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "శనివారం రోహిణమ్మా. హాసిని పుట్టిన రోజు కూడా సాయంత్రం నుంచి రోహిణే."

రోహిణి. తెలుగిళ్లలో పుట్టినవాళ్లకి ఇంకా విప్పి చెప్పనక్కర్లేదు. ఆ నక్షత్రంలో బిడ్డ పుడితే మేనమామకి గండం అంటారు. హాసినికి మేనమామ ఒక్కడే. సాహితి తమ్ముడు సాత్విక్. శకుంతల ఒక్కగానొక్క కొడుకు. ఇప్పుడు అడవులదీవి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటూ దుక్కలా ఉన్నాడు. హాసిని పుట్టిన రోజుల్లో మాత్రం బైక్ మీంచి పడి కాలు విరిగి గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడు. అంతవరకే సాహితికి తెలుసు.

"కాలు కాదే" అంది శకుంతల. ఇక దాచి లాభం లేదని ఆవిడకీ తెలిసిపోయింది. "కాలని నీకు చెప్పాం. నిండు నెలల్లో తట్టుకోలేవని. వాడికి తలకి తగిలింది. ఆ రోజుకి ఇంకా కళ్లు తెరవలేదు. బతుకుతాడో లేదో రాత్రి గడిస్తే గాని చెప్పలేం అన్నారు డాక్టర్లు. మీ నాన్న అక్కడ, నేను ఇంట్లో నీ దగ్గర. పొద్దున్నే నీకు నడుం నొప్పి మొదలైంది. పంచాంగం చూస్తే సాయంత్రానికల్లా రోహిణి వస్తోంది. ఉన్న గండం చాలక ఇంకో గండమా? నా పరిస్థితిలో నువ్వుంటే ఏం చేసేదానివి?"

"కషాయంలో ఏం కలిపావు?"

"మాత్ర. నొప్పులు తొందరగా వచ్చే మాత్ర. పొడి చేసి కలిపాను. ఎలాగూ వచ్చే నొప్పులే కదా, పూట ముందొస్తే ఏం పోతుంది అనుకున్నాను."

"నేను పోయేదాన్నమ్మా."

శకుంతల తువ్వాలు ఒళ్లోకి లాక్కుంది.

"వేమూరు రాకముందే కారంతా రక్తం. ఆసుపత్రి చేరేసరికి నాకు స్పృహ లేదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఇన్నేళ్లూ నా ఒంట్లోనే ఏదో లోపం ఉందని, నా ఒళ్లే నన్ను మోసం చేసిందని ఏడ్చాను. నా ఏడుపు నువ్వు చూస్తూనే ఉన్నావు. భయపడకమ్మా అని తల నిమిరావు. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"నీకేం కాదనుకున్నానే."

"వాడికి మాత్రం అవుతుందనుకున్నావు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. శకుంతల తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సాహితికి జాలి వేసింది. కళ్లు తెరవని కొడుకు ఒకవైపు, నడుం పట్టుకుని మూలుగుతున్న కూతురు ఒకవైపు, మధ్యన పంచాంగం పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ల ముందు కదిలింది. జాలి వేసినంత మాత్రాన కోపం తగ్గలేదు. రెండూ పక్కపక్కనే ఉండి పోట్లాడుకున్నాయి.

వాటి మధ్య ఇంకొకటి కూడా ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. అది తేలిక. నా ఒంటిది కాదు తప్పు. నా ఒళ్లు ఎవరినీ మోసం చెయ్యలేదు. సాహితి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. లోపల బిడ్డ మెల్లగా ఒత్తిగిల్లింది. ఎన్నో నెలల తర్వాత ఆ కదలికకి ఆమె గుండె దడదడలాడలేదు.

"మీకెప్పుడు తెలిసిందత్తయ్యా?" అని అడిగింది.

"కారులోనే" అంది శేషారత్నం. "నీ తల మీ అమ్మ ఒళ్లో ఉంది. బిడ్డ నా చేతుల్లో పడింది. నీకు కళ్లు తేలిపోతుంటే మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, నేనే చంపుకున్నాను వదినగారూ, కషాయంలో మాత్ర కలిపాను అంది. ఆ గ్లాసు నీకు అందించిందాన్ని నేనమ్మా. అందులో ఏముందో నాకు తెలీదు. పొయ్యి దగ్గర మీ అమ్మ ఇచ్చింది, నేను తెచ్చి నీకిచ్చాను. తెలిశాక ఎన్ని రోజులు అన్నం సయించలేదో నాకే తెలుసు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదండి?"

"చెబితే నీకు పుట్టిల్లు లేకుండా పోతుంది. ఇంకేం చెప్పను?"

సాహితికి సింకులో ఒంపిన పాలు గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లి అత్తగారి చెయ్యి పట్టుకుంది. క్షమించండి అనడానికి నోరు రాలేదు. ఆవిడ కూడా ఆ మాట కోసం చూడలేదు. "కూర్చోమ్మా, నిలబడకు" అని మాత్రం అంది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. అనుమానం తీరింది, అత్తాకోడళ్లు కలిశారు, తల్లి రెండు రోజులు ఏడ్చి ఊరుకునేది. కానీ సాహితికి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. ఏ మందో తెలియాలి. ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"మాత్ర పేరేంటమ్మా? డాక్టరుగారికి చెప్పాలి."

"నాకేం తెలుసే పేరు? అట్ట కూడా లేదు. విడి మాత్రలు, కాగితంలో చుట్టి ఇచ్చారు."

"ఎవరిచ్చారు?"

శకుంతల ముక్కు తుడుచుకుంది.

"మీ వీధి చివర ఆర్ఎంపీ ఇచ్చాడన్నారు కదా వదినగారూ అప్పుడు" అంది శేషారత్నం. "కారులో అదే చెప్పారు నాకు."

"చెప్పాను" అంది శకుంతల. కళ్లెత్తి వియ్యపురాలిని చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు, భయం ఉంది. "మీ ముందు ఇంకేం చెప్పగలను వదినగారూ?"

ఆ మాట అర్థం శేషారత్నానికి ముందు తెలిసింది. ఆవిడ ముఖంలో రంగు మారడం చూశాక సాహితికి తెలిసింది. తెలిసినా తెలియనట్టే ఉండాలని ఆమె మనసు ఎంతో ప్రయత్నించింది. "ఎవరమ్మా?" అని మళ్లీ అడిగింది.

"నాలాంటిదానికి అలాంటి మాత్ర ఏ షాపువాడు ఇస్తాడే? పొద్దున్నే అల్లుడుగారు వదినగారిని తీసుకుని బాపట్ల నుంచి వచ్చారు కదా. పెరట్లోకి పిలిచి అడిగాను. ఆయన సంచిలో ఉంటాయి కదా అన్ని మందులూ. లేదన్నారు మొదట. బయటికి వెళ్లొచ్చి కాగితం నా చేతిలో పెట్టారు."

"ఎందుకని చెప్పావు ఆయనకి? తలనొప్పికనా?"

"ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఎందుకో, ఎవరికో అన్నీ తెలుసు ఆయనకి. నా పేరు బయటికి రాకూడదండీ అని మాట తీసుకున్నారు."

రోజూ సాయంత్రం ఎడం పక్కకి తిరుగు, గాలి నోటితో వదులు, నేనున్నాగా అన్న గొంతు సాహితి చెవిలో వినిపిస్తోంది. అంత శ్రద్ధ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. అది ప్రేమా, తప్పు కప్పుకోవడమా? రెండూనా? ఈ బిడ్డకి ఏదైనా అయితే ఎవరూ పాత కాగితాలు తిరగెయ్యకూడదనా? ఈసారి కాన్పుకి కారు అతనిది. ఫోన్ చెయ్యాల్సింది అతను. ఆసుపత్రిలో సంతకం పెట్టాల్సింది అతను.

కింద కారు ఆగింది. "అబ్బే, స్కూటరు పక్కనే పెట్టానయ్యా ఇవాళ" అని సుందరయ్య గారు అంటున్నాడు. గౌతమ్ నవ్వు వినపడింది. మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి.

"అత్తయ్యా, తలుపు గడియ పెట్టండి" అంది సాహితి.

శేషారత్నం క్షణం ఆగి, వెళ్లి గడియ పెట్టింది.

"ఏంటి, తలుపేసుకున్నారు?" అన్నాడు గౌతమ్ బయటి నుంచి. "అత్తయ్యగారు వచ్చారుగా, నన్ను అప్పుడే బయటికి నెట్టేశారా?"

సాహితి తలుపు దగ్గరికి వెళ్లింది. చెక్కకి అవతల అతని ఊపిరి వినపడుతోంది.

"గౌతమ్, ఆ రోజు రేపల్లెలో అమ్మకి మాత్రలు తెచ్చిచ్చింది నువ్వేనా?"

అతను వెంటనే కాదనాలి. ఏం మాత్రలు అని అడగాలి. పిచ్చిపట్టిందా అని అరిచినా బాగుండేది. అతను మాత్రం ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

సరిగ్గా అప్పుడే నడుం నుంచి పొత్తికడుపు దాకా ఏదో బిగుసుకుంది. సాహితి తలుపు చట్రం పట్టుకుంది. గాలి నోటితో వదిలింది. అది తగ్గింది. తగ్గిందనుకునేలోపే మళ్లీ వచ్చింది. ఈసారి గట్టిగా వచ్చింది. ఉత్త నొప్పి కాదని ఆమెకి తెలిసిపోయింది. శకుంతల మంచం మీంచి లేచి, దగ్గరికి రావాలో వద్దో తెలియక మధ్యలోనే నిలబడిపోయింది.

"అమ్మా, తలుపు తియ్యి" అంటున్నాడు గౌతమ్. "తియ్యమ్మా, దానికేమైంది? తలుపు తియ్యి."

శేషారత్నం గడియ మీద చెయ్యి వేసింది. కొడుకు గొంతు వినపడుతున్నది చెక్కకి అవతలే. ఆవిడ మాత్రం కోడలి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా" అంది. "తియ్యనా?"